ఏటిగాడు ఎవరి మందకు?

అడవిలో ఏరు వంపు తిరిగే చోట పెద్ద ఇసకమేట ఒకటి ఉంది. దాని మీద ఏటా మూడు మందలు సొరకాయ ఆట ఆడేవి. ఒకటి గేదెల మంద, ఒకటి అడవిపందుల మంద, ఒకటి నక్కల మంద. ఎండిన సొరకాయను నోట కరుచుకునో, కొమ్ముల మధ్య ఇరికించుకునో పరిగెత్తి అవతలివాళ్ల గీత దాటించాలి. అవతలివాళ్లు అడ్డుపడి పడగొడతారు. ఆరుసార్లు పడగొట్టించుకుంటే కాయ చేజారినట్టే. ముందుగా గీత దాటించినవాళ్లదే గెలుపు.

గెలుపంటే ఉత్త గెలుపు కాదు. ఆటల్లో మొదట నిలిచిన మంద, వేసవిలో ఏరు ఎండాక మిగిలే మడుగులో ముందు దిగుతుంది. చివర నిలిచిన మంద, మిగతావాళ్లు తాగి పొర్లి లేచిపోయాక, మిగిలిన బురదనీళ్లు తాగాలి.

ఏటా గేదెలే గెలిచేవి. కండబలం ఒక్కటే అందుకు కారణం కాదు. ఆ మందలో కాటుకమ్మ అనే ముసలి గేదె ఉండేది. దూడలకు పడటం నేర్పేది ఆమే. గడ్డం రొమ్ముకు ఆనించి, భుజం మీదుగా దొర్లి, కాళ్లు కూడదీసుకుని లేవడం.

"పరిగెత్తడం ఎవరూ నేర్పక్కర్లేదురా. పడ్డాక మెడ విరగకుండా లేవడమే నేర్చుకోవాలి," అంటూ ఒక్కొక్క దూడనూ బురదలోకి నెట్టేది. కోపంతో లేచిన దూడను మళ్లీ నెట్టేది.

ఈమధ్య కాటుకమ్మకు మరుపు వస్తోంది. ఏటికి బయల్దేరి, తీరా చేరాక, దాహానికి వచ్చిందో ఒళ్లు తడుపుకోవడానికి వచ్చిందో తోచక అలాగే నిలబడిపోయేది. కూతురి కొడుకు ఏటిగాణ్ని పిలవబోతే, ఎప్పుడో పోయిన తమ్ముడి పేరు నోటికొచ్చేది. ఏటిగాడు నవ్వేవాడు.

"ఏ పేరైతేనేం అమ్మమ్మా, పలికాగా."

వాడు దగ్గరికొచ్చి మెడకు మెడ రాస్తే, ఆ వాసనకు వాడి పేరు దానంతటదే గుర్తొచ్చేది. వాడు పక్కన లేని రోజంటూ వస్తే ఏ పేరు గుర్తుంటుందో, ఏది పోతుందో. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె లేచి మంద చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది.

ఏటిగాడు ఆటకు ఎదిగిన ఏడాదే నక్కల పెద్ద పేరయ్య మూడు మందలనూ మేట మీదికి పిలిచాడు. ఆటలకు తీర్పు చెప్పే కొక్కిరాయి ఒంటికాలి మీద నిలబడి వింటోంది.

"న్యాయంగా మాట్లాడుకుందాం," అన్నాడు పేరయ్య. "ఏటా గెలిచే మంద ఒకటే. మిగతా రెండు మందలూ ఇంటిదగ్గరే ఓడిపోయి వస్తున్నాయి. ఇందులో ఆడేవాళ్లకు ఆశ ఏముంది, చూసేవాళ్లకు సరదా ఏముంది? అందుకే ఒక పద్ధతి ఆలోచించాను. ఏటా ఆటకు ఎదిగిన పిల్లలందరినీ, ఏ మందవాళ్లయినా సరే, ఒకే వరుసలో నిలబెడదాం. ఆటల్లో చివర నిలిచిన మంద ముందుగా ఒకణ్ని ఎంచుకుంటుంది. తర్వాత మధ్యలో నిలిచిన మంద, ఆ తర్వాత గెలిచిన మంద. ఏడాదికి ఒక్కొక్కరు చాలు, మిగిలినవాళ్లు ఎవరి మందలో వాళ్లే. బలహీనులకు బలం వస్తుంది. నాలుగేళ్లు తిరిగేసరికి మూడు మందలూ సమానం."

కాటుకమ్మ కూతురు, ఏటిగాడి తల్లి మబ్బు గేదెల మందకు పెద్ద. ఆమె మాట మెత్తగా ఉండదు.

"మా దూడల్ని మేం నాకి, మేపి, దెబ్బలు తట్టుకునేలా పెంచాం. మీ పిల్లల్ని మీరు పెంచుకోవద్దని ఎవరన్నా అడ్డొచ్చారా? పగలంతా పొదల్లో పడుకుని, ఇప్పుడు పిల్లల్ని పంచమంటే ఎలా పేరయ్యా?"

"పెంచిన పుణ్యం ఎక్కడికీ పోదు మబ్బక్కా. కానీ పిల్లలు అడవికి పుట్టినవాళ్లు. నావాడు, నీవాడు అనుకుంటూ కూర్చుంటే అడవి ఎలా బాగుపడుతుంది?"

"మాటలు బానే ఉన్నాయి."

అడవిపందుల పెద్ద బురదయ్య గొంతు సవరించుకున్నాడు. అతనికి మాట్లాడటం అలవాటు లేదు.

"నక్క ఎందుకు చెప్పాడో నాకు తెలీదు. నా గోడు నేను చెప్తాను. నా కోరలు అరిగిపోయాయి గానీ ఒక్క వేసవి కూడా మావాళ్లు మడుగులో ముందు దిగలేదు. మీరు పొర్లిన నీళ్లు తాగి మా పిల్లలు కడుపులు ఉబ్బి పోతున్నారు. ఈ పద్ధతి మంచిదో చెడ్డదో, ఇప్పుడున్నదాని కంటే నయం కాదా?"

బురదయ్య చెప్పింది నిజమేనని కాటుకమ్మకు తెలుసు.

"ఇంకొక్కటి," అన్నాడు పేరయ్య, ఏదో చిన్నమాట చెబుతున్నట్టు. "ఎంచుకున్న పిల్లవాడు మూడు వేసవుల దాకా పాత మంద ముఖం చూడకూడదు. చూస్తే మనసు అటు పోతుంది, ఆట చెడుతుంది."

రెండు మందలు సరేనన్నాయి, ఒకటి కాదంది. కొక్కిరాయి రెక్క దులిపి, పద్ధతి ఖాయమని చెప్పింది.

మూడు వేసవులు. ఆ మాట కాటుకమ్మను వదల్లేదు. నక్కలు ఏటిగాణ్ని తీసుకుపోతే ప్రతి ఆటలోనూ వాణ్ని ముందు నిలబెట్టి, వాడి వెనక దాక్కుంటాయి. అలాంటి దెబ్బలకు వాడి మెడ ఎన్నాళ్లు ఆగుతుంది? ఆగి, వాడు బతికి తిరిగొచ్చినా, ఎదురుగా నిలబడితే తను గుర్తుపడుతుందా? ఎవర్రా నువ్వు అని అడిగితే?

ఆ రోజు నుంచి మేతలో రుచి పోయింది.

ఆటలు మొదలయ్యాయి. ముందు పందులకూ నక్కలకూ జరిగింది. కాటుకమ్మ ఒడ్డున కూర్చుని చూసింది. ఒక నక్క కాయ కరుచుకుని పందుల మధ్యనుంచి జారి గీత దాకా వెళ్లాడు. ముందు ఎవరూ లేరు. వాడు ఆగి, వెనక్కి పేరయ్య వైపు చూసి, కాయను ఇసకలో వదిలేసి పాదం కుంటుకుంటూ పక్కకు వెళ్లిపోయాడు. కాస్త దూరం పోయాక కుంటడం మరిచిపోయి మామూలుగా నడిచాడు. ఆట పందులు గెలిచాయి.

ఆమె కూతురి దగ్గరికి వెళ్లింది.

"మబ్బూ, వాళ్లు కావాలనే ఓడిపోతున్నారే. చివర నిలిస్తేనే కదా ముందు ఎంచుకునేది. వాళ్ల కన్ను మనవాడి మీద ఉంది."

"అయితే మనమేం చేయాలమ్మా?"

"మనమే చివర నిలవాలి. పందుల చేతిలో ఓడాలి, నక్కల చేతిలోనూ ఓడాలి."

మబ్బు దూడల వైపు ఒకసారి చూసింది.

"వేసవంతా మన దూడలు బురద తాగాలి. అది తెలిసే అంటున్నావా, లేక ఆ సంగతి మరిచిపోయి అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను."

గేదెలు పందుల చేతిలో ఓడాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గేదెల మీద గెలిచిన బురదయ్య ఎందుకు గెలిచాడో అర్థంకాక, గీత అవతల కాయ పక్కనే నిలబడిపోయాడు.

ఇక మిగిలింది గేదెలకూ నక్కలకూ మధ్య ఆట. ఓడినవాళ్లు చివర నిలుస్తారు, ముందు ఎంచుకుంటారు. సొరకాయ మేట మధ్యలో పడి ఉంది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు.

"పెద్దవాళ్లు, ముందు మీరే తీసుకోండి," అన్నాడు పేరయ్య.

"అబ్బే, ఆశపడేవాళ్లు మీరు. మీరే కానివ్వండి," అంది మబ్బు.

"మీరుండగా మేమా?"

కొక్కిరాయికి ఒళ్లు మండింది. "ఇది ఆటా, వియ్యంకుల భోజనాలా? కాయ నక్కలది. పేరయ్యా, నోట పట్టుకో."

పేరయ్య కాయ తొడిమ కరుచుకుని రెండడుగులు వేసి, తనంతట తనే వెల్లకిలా పడ్డాడు.

"ఎవరూ ముట్టుకోలేదు. ఇది లెక్కలోకి రాదు. లే," అంది కొక్కిరాయి.

అతను లేచి మళ్లీ పడబోతుండగా ఏటిగాడు అతని పొట్ట కింద కొమ్ములు పెట్టి పైకెత్తాడు. కాళ్లు గాల్లో ఆడేసరికి పేరయ్యకు భయంతో దవడలు బిగుసుకున్నాయి. వదలాలనుకున్నా కాయ వదల్లేకపోయాడు. ఏటిగాడు దుడుదుడు పరిగెత్తి, తన మంద గీతే దాటి, నక్కను కాయతో సహా అవతల మెల్లగా దించాడు.

"కాయ గీత దాటింది. నక్కల గెలుపు," అంది కొక్కిరాయి.

పేరయ్యకు నోరు విడివడేసరికి కాస్త సమయం పట్టింది. "ఎత్తుకుపోవడమేమిటి? ఇదెక్కడి పద్ధతి?"

"అవతలివాణ్ని గెలిపించకూడదని నిబంధన లేదు. ఇన్నేళ్లుగా ఎవరికీ ఆ అవసరం రాలేదు."

పిల్లల్ని వరుసలో నిలబెట్టారు. గేదె దూడలు, పంది కొదమలు, చివర్న ఇద్దరు ముగ్గురు నక్కపిల్లలు. అన్నిటికంటే చివర పేరయ్య కొడుకు రివటగాడు, పుల్లలాంటి కాళ్లతో నిలబడ్డాడు. ఎముకలు తప్ప ఏమీ లేని తన కొడుకును ఎవరు కోరతారని పేరయ్య వాడి సంగతే పట్టించుకోలేదు.

మంద తరఫున ఎంచుకునే పని మబ్బు తన తల్లికి అప్పగించింది. కాటుకమ్మ పొద్దుటి నుంచి ఒకే పేరు లోపల అనుకుంటూ ఉంది. ఏటిగాడు, ఏటిగాడు. ఆ సమయానికి తమ్ముడి పేరు నోటికొస్తే ఏం గతి?

వరుస ముందు నడిచింది. ఏటిగాడు కదలకుండా నిలబడ్డాడు గానీ వాడి చెవులు వణుకుతున్నాయి. పేరు సిద్ధంగా ఉంది. అనేస్తే చాలు, వాడు తనవాడే.

అప్పుడే చివర్న పేరయ్య పెళ్లాం మాణిక్యం వంగి కొడుకు చెవి వెనక అంటిన బురద నాకుతూ కనిపించింది. వాడు సిగ్గుపడి తల పక్కకు తిప్పుకుంటున్నాడు.

కాటుకమ్మ ఆగిపోయింది. ఈ ఏడు తనవాణ్ని దక్కించుకుంటుంది. వచ్చే ఏడు ఇంకో దూడ ఎదుగుతుంది. మళ్లీ ఓడాలి, మళ్లీ బురద తాగాలి. అప్పటికి ఈ మోసం తనకు గుర్తుంటుందా? చెప్పేవాళ్లెవరు? ఈ పద్ధతి ఇవాళే పోవాలి. అది పోవాలంటే ఏటిగాణ్ని వరుసలో వదిలేయాలి. తర్వాతి వంతు నక్కలది.

మనసులోకి వచ్చిన మాట జారిపోకముందే ఆమె పైకి అనేసింది.

"రివటగాడు."

అందరి తలలూ వరుస చివరకు తిరిగాయి. ముందుగా తేరుకున్నది పేరయ్యే. "పాపం, పెద్దావిడకు మరుపు కదా. మనవడి పేరు అనబోయి మావాడి పేరు అంది. కాటుకమ్మక్కా, నీవాడు ఇటున్నాడు చూడు. ఇంకోసారి అడగండయ్యా."

ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. నిజంగానే పొరబడ్డానా? మబ్బు కూడా భయంగా చూస్తోంది. కాటుకమ్మ నడుచుకుంటూ వెళ్లి నక్కపిల్ల ముందు నిలబడి, వాడి నుదుటికి ముట్టె ఆనించింది.

"వీడే. ఈ సన్నటివాడు. పేరు తప్పలేదు."

"పేరయ్యా, ఇప్పుడు నీ వంతు," అంది కొక్కిరాయి.

పేరయ్య ఏటిగాడి వైపు చూశాడు. ఆ భుజాలు, ఆ మెడ. కోరుకున్నది ఎదురుగా ఉంది. ఒక్క మాట చాలు. అతను నోరు తెరిచాడు.

"ఆ మాట అన్నావంటే నువ్వు కూడా ఇంటికి రానక్కర్లేదు," అంది మాణిక్యం.

"అది కాదే..."

"నా పిల్లాణ్ని నాకిప్పించు. తర్వాత నువ్వెవర్ని తెచ్చుకుంటావో తెచ్చుకో."

పేరయ్య కాటుకమ్మ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గింది.

"అక్కా, వాడు మీ గిట్టల మధ్య ఎలా బతుకుతాడు?"

"పడటం నేర్పుతాను."

"మీ మేత వాడికి పడదు."

"అలవాటవుతుంది. మీ పొదల్లో మావాడికి అలవాటు కాదూ?"

"మూడు వేసవులు వాళ్లమ్మను చూడకుండా ఉండలేడక్కా. పసివాడు."

"ఆ నిబంధన ఎవరు పెట్టారో నాకు గుర్తు రావడం లేదు పేరయ్యా. నీకేమన్నా గుర్తుందా?"

పందులు నవ్వాయి. పేరయ్య నవ్వలేదు. అందరూ వింటుండగా, ఎవరు పెంచిన పిల్లలు వాళ్ల దగ్గరే ఉండాలనీ, ఈ ఎంపిక మానేద్దామనీ తన నోటితో తనే అన్నాడు. గేదెలు వెంటనే ఒప్పుకున్నాయి.

బురదయ్య మాత్రం కదల్లేదు. "మీ ఇద్దరి పిల్లలూ మీకు దక్కారు. మా పిల్లల కడుపుల మాటేమిటి?"

"ఈ వేసవికి మడుగు మీదే, మీరు గెలిచారుగా," అంది కాటుకమ్మ. "ఇక ముందుకంటావా, మీ కొదమల్ని పొద్దున్నే మా బురదకు పంపించు. పడటం నేర్పుతాను. నాకు గుర్తున్నన్నాళ్లు."

"మరి మావాడు?" అని మాణిక్యం మెల్లగా అడిగింది.

"వాణ్నీ పంపు. సాయంత్రానికి నీ దగ్గరికి తిరిగొస్తాడు."

ఆ వేసవి పందులు ముందుగా మడుగులో దిగాయి. నక్కలు రెండో వంతులో నీళ్లు తాగాయి గానీ పేరయ్య తల ఎత్తలేదు. ఎప్పుడూ ఎరగని బురదనీళ్లు గేదెలు అన్నిటికంటే చివర తాగాయి. కాటుకమ్మ పక్కనున్న కుర్రదున్నను పిలవబోతే ఏ పేరూ రాలేదు. వాడు తలెత్తి ఆమె వైపు చూసి, ఇంకాస్త దగ్గరికి జరిగి నీళ్లు తాగాడు.

తన పిల్లను వరుసలో నిలబెట్టేటప్పుడు ఒప్పుకోలేని పద్ధతిని పరాయి పిల్లల కోసం న్యాయమని చెప్పకూడదు.