నలభై బిందెలు

ఆ ఎండాకాలం ఓబులేసుకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. గురువు లాలుసాహెబ్ ఫకీరు పొద్దున్నే అతన్ని తాముండే తకియాలో పక్కన కూర్చోబెట్టుకుని జపానికి తసబీ దండ చేతికిచ్చేవాడు. కళ్లు మూసుకున్న మరుక్షణం ఓబులేసుకు పక్కటెముకలు తేలిన గుర్రాలు కనబడేవి. పూసలు వేళ్ల మధ్య తిరుగుతూనే ఉండేవి, మనసు మాత్రం పడమటి బీడులో తిరుగుతుండేది. ఇంకేం ధ్యానం, ఎక్కడి ధ్యానం.

ఆ బీడు ఎవరి పట్టా భూమీ కాదు. చుట్టూ ఉన్న ఏడు పల్లెల గొర్రెలకూ ఆవులకూ ఉమ్మడి మేత. ఎప్పుడో కొండమీది కోట పడిపోయిన నాడు పాలెగాడి రౌతులు కళ్లేలు విప్పి గుర్రాలను అందులోకి వదిలేసి, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. అప్పటికి అవి అరవై. మూడు తరాలు గడిచేసరికి నాలుగొందలు దాటాయి. కొండల్లో చిరుతలు లేకుండా పోయాక వాటిని ఆపేదే లేకపోయింది.

ఆవు గడ్డిని నాలుకతో చుట్టి తెంపుకుంటుంది, కాస్త మొదలు మిగులుస్తుంది. గుర్రానికి పైనా కిందా ముందుపళ్లుంటాయి కాబట్టి నేలకంటా కొరుకుతుంది. గడ్డి చాలని ఏట వేర్లను కూడా వదలదు. ఆ సంవత్సరం బీడులో నడిస్తే కాళ్ల కింద దుమ్ము తప్ప ఏమీ లేదు.

రెండేళ్ల కిందట ఊళ్లవాళ్లు తెలివైన పని చేశామనుకుని ముప్పై మగగుర్రాలను పట్టి విత్తులు కొట్టించారు. ఆ పెనుగులాటలో ఇద్దరికి కాళ్లు విరిగాయి. మరుసటి ఏడు ఈనిన పిల్లల్లో ఒక్కటీ తగ్గలేదు. మిగిలిన మగవి ఆ ముప్పై పనీ తామే చూసుకున్నాయి. ఆ మాట వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

నవ్వులు ఆ ఎండాకాలంతో ఆగిపోయాయి. తాలూకా కచ్చేరి నుంచి కబురొచ్చింది. తొలకరిలోగా మందను గడ్డికి సరిపడేంతకు తగ్గించకపోతే తుపాకులు పట్టుకుని మనుషులు వస్తారని.

ఏడు పల్లెల పెద్దలూ తకియాకు వచ్చారు. అందరి తరఫునా మాట్లాడింది కురుబ బీరమ్మ. ఆమె గొర్రెలు ఎనభై నుంచి ముప్పైకి పడిపోయాయి. అయినా తుపాకుల మాటెత్తితే ఆమె మొహం చిన్నబోయింది.

"గుర్రాలు సావాలని మేము కోరుకోల్యా తాతా. మా గొర్రెలు గూడా బతకల్ల గదా" అంది.

ఒక ఉపాయం ఉందని ఆమె వివరించింది. రెండు గుట్టల సందులో ముళ్లకంపతో దారి కట్టారు, దాని చివర రాతిదొడ్డి. మంద మొత్తాన్నీ అందులోకి తోలగలిగితే ఈ బీడు మోయగలిగిన వంద గుర్రాలను ఉంచుకుని, మిగతావాటిని కిందిసీమ రైతులకూ జట్కావాళ్లకూ ఇచ్చేయొచ్చు. వాళ్లు సిద్ధంగా ఉన్నారు. కానీ డప్పులు కొట్టి మూడుసార్లు తరిమితే మూడుసార్లూ గుర్రాలు చెదిరిపోయాయి. మూడోసారి ఒక ఆడగుర్రం లోయలో పడి మెడ విరిగి చచ్చింది.

"మంద మగదాని యెంట పోదు తాతా, ముసిలి ఆడదాని యెంట పోతాది. ఆ ముసిల్ది ఓబులేసు మాట తప్ప ఇనదు" అంటూ ఆమె ఓబులేసు వంక చూసింది.

నిజమే. ఆ బూడిదరంగు ముసలి గుర్రానికి సివంగి అని పేరు పెట్టింది కూడా అతనే. రెండు ఎండాకాలాలుగా అతను తకియా బావి నుంచి రోజుకు నలభై బిందెల నీళ్లు కావడితో మోసి బీడు అంచున ఉన్న రాతితొట్టిలో పోసేవాడు. చేతి ఇనుపకడియంతో బిందెను టంగుమని కొడితే చాలు, ఏ మనిషినీ దగ్గరకు రానివ్వని సివంగి తలూపుకుంటూ వచ్చేది. దాని వెనక మిగతావి. జనం అతన్ని గుర్రాలతల్లి అని వేళాకోళం చేసేవారు. అతను విసుక్కునేవాడు గానీ ఆ మాట విన్నరోజు ముద్ద కాస్త ఎక్కువే దిగేది.

"నన్ను నమ్మి వచ్చేదాన్ని నా చేతుల్తో దొడ్లోకి తోలల్లనా? నాతో అయ్యే పని కాదు" అన్నాడు ఓబులేసు.

గురువు తన వైపు మాట్లాడతాడని ఎదురుచూశాడు. ఫకీరు బీరమ్మకు మజ్జిగ ఇప్పించి పంపేశాడు. అంతా వెళ్లాక, రేపు నీళ్లకు తానూ వస్తానని మాత్రం అన్నాడు. ఓబులేసుకు ఆ మాట నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో తెలియలేదు. ఆ సాయంత్రమంతా తకియా చుట్టూ తిరిగాడు.

పొద్దున లేచేసరికి డెబ్బై దాటిన ఫకీరు కావడి భుజానికెత్తుకుని బావి దగ్గర నిలబడి ఉన్నాడు. ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. కావడి ఇమ్మని చేతులు పట్టుకున్నాడు, కాళ్లు పట్టుకున్నాడు. ఫకీరు వినలేదు. బిందెల్లో నీళ్లు తొణకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ బీడులోకి నడిచాడు. వెనక తన కావడితో ఓబులేసు.

ముసలాయన తొట్టి దగ్గర ఆగలేదు. ఓబులేసు పిలిచినా వెనక్కి చూడలేదు. తొట్టి చుట్టూ మూగిన గుర్రాలను దాటి, ఇసుకలో గిట్టలతో చెలమలు తవ్వుకుంటున్నవాటిని దాటి వంకలోకి దిగి, అవతలి గట్టెక్కాడు. ఓబులేసు అటువైపు ఏనాడూ పోలేదు. అతనికి తీరికెక్కడిది? ఒక కావడి పోసి మరో కావడికి పరుగెత్తేవాడు.

గట్టు అవతల బలుసు పొదలున్నాయి. వాటికి బెరడు లేదు, మనిషి ఎత్తు వరకూ గుర్రాలు కొరికేశాయి. ఒక పొద నీడలో ఏడాది గుర్రప్పిల్ల ఒకటి పడి ఉంది. ఇంకొంచెం దూరంలో రెండు, అవి చచ్చి చాలా రోజులైంది.

ఫకీరు కావడి దించి పిల్ల పక్కన కూలబడ్డాడు. దోసిట్లో నీళ్లు తీసి దాని నోట్లో పోశాడు. నీళ్లు పక్కకు కారిపోయాయి. మళ్లీ పోశాడు. దాని నాలుక కదల్లేదు. ఓబులేసు దాని తలను ఒళ్లోకి తీసుకున్నాడు. మెడ మీద బలమైనవాటి గిట్టల దెబ్బలు మానీ మానక ఉన్నాయి. ఇది ఎప్పుడో తొట్టి దాకా వచ్చే ఉంటుంది, అవి తాగనిచ్చి ఉండవు. అతను ఆ దెబ్బల మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేలోపే పిల్ల ఊపిరి ఆగిపోయింది.

ఫకీరు తడిచేతిని అంగీకి తుడుచుకున్నాడు.

"దినానికి ఎన్ని బిందెలు మోస్తాండావు?"

"నలబై, బాబా."

"ఆ నలబైలో దీనిది యా బిందె?"

ఫకీరు సమాధానం కోసం ఆగలేదు. మిగిలిన నీళ్లు బలుసు మొదట్లో పోసి, ఖాళీ కావడి ఎత్తుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

నేల గునపానికి కూడా లొంగేలా లేదు. ఓబులేసు రాళ్లు తెచ్చి పిల్ల మీద పేర్చాడు. పేర్చాక వంక పొడవునా నడిచాడు, ప్రతి పొద వెనకా చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది. పదకొండు చోట్ల ఆగి తిరిగి నడిచాడు.

మర్నాడు తెల్లారగానే బీరమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు.

"కంప సరిచేయించక్కా. డప్పులొద్దు. ఎవరూ అరవొద్దు. పిల్లల్ని తల్లుల నుంచి యిడదీయమని మాటియ్యి."

బీరమ్మ అతని మొహం చూసి తలూపింది.

రెండు రోజుల తర్వాత ఓబులేసు ఒక్క బిందెతో బీడులోకి నడిచాడు. కడియంతో బిందెను కొట్టాడు. సివంగి తలెత్తి చూసింది, ఎప్పటిలాగే వచ్చింది. అతను తొట్టి వైపు తిరగకుండా గుట్టల సందు వైపు తిరిగాడు. మరోసారి కొట్టాడు. వెనక నాలుగొందల గుర్రాల అడుగుల చప్పుడు మెల్లగా మొదలైంది.

కంపదారి మొదట్లో సివంగి ఆగింది. ముక్కుపుటాలు విప్పి ముళ్లను వాసన చూసింది. బిందె కింద పడేసి ఒక్క కేక పెడితే చాలు, మంద అంతా గాలికి కొట్టుకుపోయినట్టు చెదిరిపోతుంది. ఓబులేసు గుండె ఆ కేక కోసం కొట్టుకుంది. అతను వెనక్కి తిరగకుండా ముందుకు నాలుగడుగులు వేశాడు. కాసేపటికి మెడ మీద వెచ్చని ఊపిరి తగిలింది. తన మీద తనకు అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు. అలాగే నడిచాడు.

దొడ్డి నిండాక వెనక దుంగలు పడ్డాయి. ఆ చప్పుడుకు సివంగి గిరుక్కున తిరిగింది, మూసిన దారిని చూసింది, తర్వాత అతన్ని చూసింది. వెనక కాలితో ఒక్క తన్ను తన్నితే బిందె సొట్టపడి గోడవారకు దొర్లింది.

ఏరడానికి నాలుగు రోజులు పట్టింది. ఏది పోవాలో ఏది ఉండాలో చెయ్యి పెట్టి చూపించింది ఓబులేసే. ఆ నాలుగు రోజులూ అతను సరిగ్గా తిన్నది లేదు. మూడొందల పైచిలుకు గుర్రాలు పగ్గాలతో కిందిసీమకు దిగిపోయాయి. ప్రతి మూడో ఏడూ ఇలాగే చేయాలని బీరమ్మ పెద్దలందరినీ ఒప్పించింది. తుపాకులు రాలేదు. ముసలిది కాబట్టి సివంగిని బీడుకే ఉంచారు. దుంగలు తీసిన రోజు అది అన్నిటికంటే ముందు బయటికి ఉరికింది, ఆగలేదు.

వానలు పడ్డాయి. మొదట బీడు మీద పచ్చటి నీడ పరుచుకుంది, శ్రావణానికి గడ్డి మోకాలెత్తు లేచింది. వంక పారింది. బీరమ్మ గొర్రెలు ఈనాయి. లోకమంతా కుదుటపడింది, ఓబులేసు తప్ప. అతను రోజూ సొట్టబిందె నిండా నీళ్లు పట్టుకుని తొట్టి దగ్గరికి పోయేవాడు. కడియంతో కొట్టేవాడు. దూరంగా గుట్టవాలులో బూడిదరంగు కనబడేది. అటు కొట్టేవాడు, ఇటు కొట్టేవాడు. అది తలెత్తేది కాదు.

ఒకనాడు ఫకీరు మెల్లగా నడుచుకుంటూ వచ్చి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు.

ఓబులేసుకు దుఃఖం ఆగలేదు. "మూడు నెల్లాయె బాబా. ఒక్కసారన్నా రాల్యా. నా మీద కోపం పోలేదు దానికి" అన్నాడు.

ఫకీరు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్ట వైపు చాలాసేపు చూశాడు.

"కడుపు నిండినట్టుంది, నాయనా" అన్నాడు.