రాములవారి పందిరి మట్టి

రండమ్మా, వెనకనున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. చాప చివర కూర్చుంటే కథ చివరే వినబడుతుంది. దయానిధి స్వామివారిని ఎవరైనా సందేహం అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. "మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?" అని అడిగి, వాళ్ళింటికే భోజనానికి బయలుదేరేవారు. జవాబు అక్కడ దొరికేది.

ఒక జ్యేష్ఠమాసంలో, తొలివానలు పడ్డ మూడోనాడు, పైడయ్య అనే శిష్యుడు వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చున్నాడు. రామకోటి రెండుసార్లు పూర్తిచేసిన భక్తుడు. "స్వామీ, ఇంత నామం రాశాను. అయినా పొరుగింటి సింహాద్రి మొహం కనబడితే చాలు, లోపల కుతకుత ఉడికిపోతుంది. ఇంకేం చేర్చమంటారు? ఏకాదశులు పట్టనా, మూడో కోటి మొదలెట్టనా?"

స్వామివారు కూర సంగతి అడిగారు.

దారిపొడవునా పైడయ్య తన గోడు చెప్పుకున్నాడు. కూతురు వరహాలు ఏడో నెలతో పురిటికి వచ్చింది. ఆమెకని సిద్ధం చేసిన మూలగది గోడ నడుమెత్తు దాకా చెమ్మ. ముట్టుకుంటే సున్నం పెచ్చులు చేతికొస్తాయి. వియ్యంకుడు వచ్చి గోడ తట్టి చూసి, శ్రావణం వచ్చేలోగా ఇది ఆరకపోతే పిల్లను తీసుకుపోతామని చెప్పి వెళ్ళాడు. పైడయ్య మూడుసార్లు సున్నం కొట్టించాడు, సిమెంటు పూయించాడు, చెమ్మ పోలేదు. ఇదంతా సింహాద్రి ఇంటి స్నానాల నీళ్ళ వల్లేనని పైడయ్య నమ్మకం. నాలుగేళ్ళుగా ఆ ఇంటితో మాటల్లేవు.

భోజనమయ్యాక స్వామివారు మూలగదిలోకి వెళ్ళనే లేదు. చెంబుడు నీళ్ళు అడిగి తీసుకుని, వాకిట్లో నడిమధ్య నిలబడి మెల్లగా కుమ్మరించారు. నీళ్ళు ఎటు పోదామా అన్నట్టు కాసేపు ఆగి, వీధి కాలవ వైపు కాక, తిన్నగా మూలగది గోడ మొదటికి వెళ్ళి నిలిచాయి.

"ఈ గడపకు మెట్లెన్ని తల్లీ?" అన్నారు.

పైడయ్య భార్య గౌరమ్మ జవాబు చెప్పింది. "నేను కాపరానికి వచ్చినప్పుడు మూడెక్కాను స్వామీ. ఇప్పుడొకటే ఉంది. రెండు రాములోరి కిందకెళ్ళిపోయాయి."

సంగతేమంటే, ఏటా నవమికి ఆ వాకిట్లోనే సీతారాముల కళ్యాణం. పందిరి వేసినప్పుడల్లా పైడయ్య రెండు బళ్ళ ఎర్రమట్టి తోలించి, తొక్కించి, అలికించేవాడు. తలంబ్రాలు రాలిన మట్టి కదా, ఎత్తిపోయడానికి చేతులు రాక అలాగే ఉంచేవాడు. మరుసటేడు దానిమీద మరో పొర. అలా ఇరవైరెండేళ్ళు. వాకిలి పునాదిని దాటి గోడమీదికెక్కి కూర్చుంది.

ఆ మట్టి తవ్వి తీయక తప్పదని పైడయ్యకు అర్థమైంది. దేవుడి మట్టికి పార ఎలా తగిలించమంటారని అడిగాడు.

"కళ్యాణం కాగానే రాముడు గుడికి వెళ్ళిపోయాడు నాయనా. మట్టి పట్టుకుని కూర్చున్నది నువ్వు."

ఇంట్లో పార లేదు. ఆ వీధిలో పారలున్నది మట్టిపనికి పోయే సింహాద్రి ఇంట్లోనే. పైడయ్య గురువుగారి వైపు చూశాడు. ఆయన ఆకాశం చూస్తున్నారు. వెళ్ళి ఆ గడప ముందు చాలాసేపు నిలబడి, చివరికి నోరు విప్పి పార అడిగాడు.

సింహాద్రి ఒంటికి నూనె రాసుకుంటున్నాడు. "నాలుగేళ్ళూ నేను స్నానం మానేసినా నీ గోడ ఆరేది కాదు బావా" అని, లేచి రెండు పారలూ గంపా తెచ్చాడు. తవ్విన మట్టి ఎక్కడ పోయాలో తెలియక పైడయ్య తటపటాయిస్తుంటే, తన పెరట్లో బంతిమడిలో పొయ్యమన్నాడు. అక్కడైతే ఎవరూ తొక్కరు.

రెండు రోజులు తవ్వారు. పాత మెట్లు రెండూ బయటపడ్డాయి. వాకిలి వీధివైపు వాలింది. మూడోనాటి వాన గోడను ముట్టకుండా కాలవలోకి పోయింది. పైడయ్య గబగబా ఆశ్రమానికి వెళ్ళి స్వామివారిని పిలుచుకొచ్చాడు. గోడకు రేపే సున్నం కొట్టించనా, మూడో కోటి కూడా రేపే మొదలెట్టనా అని అడిగాడు.

స్వామివారు గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు.

"ఆగు నాయనా. ముందు ఆరనీ."

వరహాలు ఆ గదిలోనే ఆడపిల్లను కన్నది. ఆ మాట మరిచిపోయినా ఫరవాలేదు తల్లులారా. ఒక మనిషి నాలుగేళ్ళు మాట్లాడని గడప ముందు నిలబడి పార అడిగాడు చూశారూ, అదొక్కటి గుర్తుంచుకోండి. వీలు చిక్కినప్పుడు మీరూ వెళ్ళి అడగండి.