మసి పూయని పుస్తకం

కొండల నడుమ మణిదుర్గమనే రాజ్యం ఒకటుండేది. దాన్ని ఏలే రణభైరవ మహారాజుకు ముక్కు మీద కోపం, నోరు తెరిస్తే గొప్పలు. ఆయన తాటాకు పుస్తకాల భాండారాన్ని బయ్యన్న అనే ముసలాయన కంటికి రెప్పలా కాపాడుతుండేవాడు.

ఒకరోజు రాజు బయ్యన్నను సభకు పిలిపించి మండిపడ్డాడు.

"యువరాజూ వాడి జతగాళ్లూ కలిపి పదకొండు మంది! నృకేసరి శాస్త్రులవారు మా వంశచరిత్ర రాయించి ఇచ్చి నెలైంది. ఒక్కడూ ఒక్క ఆకు చదవలేదు. చదివే మగపిల్లలే లేనప్పుడు పుస్తకాలెందుకు? పదిరోజుల్లో వీళ్ల చేత పుస్తకం పట్టించావా, సరే. లేదా, నీ భాండారమంతా వంటశాల పొయ్యిలోకే!"

"మొద్దులు ప్రభూ, శుద్ధ మొద్దులు," అన్నాడు పక్కనున్న ఆస్థాన పండితుడు నృకేసరి శాస్త్రి, శాలువా సర్దుకుంటూ.

బయ్యన్న గుండె గుభేలుమంది. నలభై ఏళ్లుగా చెదలు పట్టకుండా, తడి తగలకుండా చూసుకున్న పుస్తకాలాయె! పరుగు పరుగున పిల్లల దగ్గరికి పోయాడు.

"అందులో అక్షరాలే కనబడవు తాతా! ఆ మాటంటే శాస్త్రులవారు చెవి మెలేశారు," అన్నాడు యువరాజు బిక్కమొహంతో.

బయ్యన్న ఆ వంశచరిత్రకు చుట్టిన పట్టుగుడ్డ విప్పి చూశాడు. ఇంకేముంది! గంటంతో గీసిన తాటాకుకు దీపపు మసి పూసి తుడిస్తేనే కదా అక్షరం నల్లగా తేలేది? రాజుగారి పుట్టినరోజుకు అందించాలన్న తొందరలో లేఖకుడు ఆ పని మరిచాడు. బయ్యన్నకు నవ్వాగలేదు. మసి పూయడం గడియ పని. అయినా పూయలేదు. మళ్లీ పట్టుగుడ్డ చుట్టి, భాండారంలోంచి ఇంకో పుస్తకం చంకన పెట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని సభకు వచ్చాడు.

"ప్రభూ, ఇందులోని రుచి పిల్లలకు తెలియలేదు. పెద్దలు ఒక్క ఆకు చదివి వినిపిస్తే..."

"ఒక్క ఆకేమిటి! వందసార్లు చదివాను," అన్నాడు శాస్త్రి.

"పిల్లలకిచ్చే ముందు మేమూ ఆసాంతం చదివాం," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

శాస్త్రి ఆకు తీశాడు. కళ్లు చిట్లించాడు. దగ్గరికి, దూరానికి జరిపాడు. "వెలుతురు చాల్లేదు," అని గొణిగాడు. మిట్టమధ్యాహ్నం, సభ నిండా ఎండ! రాజు విసురుగా లాక్కుని చూశాడు. ఆయనకూ ఒక్క అక్షరం కనబడలేదు.

"మసి పూయడం మరిచారు ప్రభూ," అన్నాడు బయ్యన్న మెల్లగా. "పిల్లలు నిజమే చెప్పారు. చదవనిదాన్ని చదివామని చెప్పడం వాళ్లకింకా చేతకాదు."

శాస్త్రి శాలువాలో మొహం దాచుకున్నాడు. రాజు మొహం కందగడ్డ అయింది. అయినా బయ్యన్న చంకలోని పుస్తకం తీసి అందించాడు. దాని అంచులు నలిగి, ఆకుల నిండా బెల్లం మరకలున్నాయి. దారం నాలుగుచోట్ల తెగితే ముడేశారు.

"పిల్లలకు పుస్తకం ఎంచేటప్పుడు నేను పట్టుగుడ్డ చూడను ప్రభూ, అంచులు చూస్తాను. ఎన్ని చేతులు నలిపితే అంత మంచిది. ఏలినవారే రెండాకులు చదవాలి."

పరువు నిలబెట్టుకోడానికి రాజు గొంతు సవరించుకుని మొదలెట్టాడు. భూతాన్ని కుండలో బంధించి, ఆ కుండనే సంతలో అమ్మేసిన గడసరి కుమ్మరి కథ అది. రెండాకులు పదయ్యాయి. భోజనాల గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. కుండ కొన్న అవ్వ మూత తీయబోయే చోట రాజు మంచినీళ్ల కోసం ఆగాడు.

"తర్వాతో?" అని అరిచి యువరాజు పుస్తకం లాక్కున్నాడు. రెండు ముక్కలు గడగడా పైకి చదివి, కథ వేగంలో పడి లోలోపలే చదువుకోసాగాడు. మిగతా పదిమంది నాకంటే నాకని వాడి భుజాల మీదికి ఎక్కారు. బయ్యన్నకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

"ఒరే, ఇటివ్వు! ఆ అవ్వ ఏమైందో నేను చూడాలి," అన్నాడు రాజు.

"ఇప్పుడే వంతులేసుకున్నాం నాన్నగారూ. మీది పన్నెండో వంతు."

రాజు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ పైన పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి బయ్యన్నకు తొడిగి, "భాండారం తలుపులు ఇకమీదట పిల్లలకు తీసే ఉంచు," అన్నాడు.

తన వంతు వచ్చేదాకా, అవ్వ ఏమైందని రాజు బయ్యన్నను అడగని రోజు లేదు. బయ్యన్న చెప్పనూ లేదు.