ముఖచంద్రికలో ఏముంది?

పేరెందుకులెండి గానీ, ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు తెలియని విద్య లేదు. అంటే, తెలియదని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

కూతురు కువలయ పెళ్లి దగ్గరపడుతుండగా రాజుగారి మనసు వైద్యం మీదికి పోయింది. వారం రోజులు తలుపులు వేసుకుని ఏవేవో నూరి, ముఖం కడుక్కునే పొడి ఒకటి తయారుచేశాడు. దానికి 'ముఖచంద్రిక' అని పేరు పెట్టాడు. అందులో ఏం కలిపారని ఎవరడిగినా, "రాజరహస్యం!" అని మీసం దువ్వేవాడు.

ముందుగా మంత్రి నాగదేవుడు దాంతో ముఖం కడుక్కున్నాడు. పాపం, బుగ్గలు రెండూ దొండపళ్లయ్యాయి.

"మండిపోతోంది మహాప్రభో!"

"అది పొడి దోషం కాదు, నీ ముఖం దోషం," అన్నాడు రాజు. అంతటితో ఊరుకున్నాడా? ముఖచంద్రికకు వంక పెట్టినవారికి గుండు గీయిస్తానని చాటింపు వేయించాడు. పెళ్లినాడు కూతురికి నలుగు పెట్టేది కూడా ఆ పొడితోనే అన్నాడు.

ఆ మాట కువలయ చెవిన పడింది. అంతఃపురం బట్టలు ఉతికే నూకాలును పిలిపించి, "ఎర్రగా వాచిన ముఖంతో పీటల మీద ఎలా కూర్చోను? నువ్వే గట్టెక్కించాలి నూకాలూ," అని ఏడ్చింది.

నూకాలు చిటికెడు పొడి తడిపి తన మోచేతి మడతలో రాసుకుంది. కాసేపటికే దురద, మంట, ఎర్రటి దద్దు. వేళ్లకు తగిలిన ఆ జారుడు ముప్పై ఏళ్లుగా బట్టలుతికే తన చేతులు ఎరిగినదే. కానీ నోరు తెరిస్తే గుండు.

మర్నాడు సభకు వెళ్లి దండం పెట్టింది.

"ఏలినవారి పొడి బంగారం. నాకు ఒక్కటే సందేహం. అమ్మాయిగారి చర్మం సుకుమారమా, మీరు కప్పుకున్న పట్టు ఉత్తరీయం సుకుమారమా?"

"పిచ్చిదానా, నా కూతురి చర్మం ముందు పట్టెంత!"

"అయితే ఆ ఉత్తరీయం ఇలా ఇప్పించండి మారాజా. అందరి ముందూ ముఖచంద్రికతో ఉతికేస్తాను. దాని మెరుపు చూశాక ఇంకెవరు నోరెత్తుతారు?"

రాజు రెండు చేతులా ఉత్తరీయాన్ని అదిమిపట్టుకున్నాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అందులో చౌడుందే! సున్నముంది! పట్టు పీలికలైపోదూ?"

మంత్రి నాగదేవుడు తన బుగ్గలు తడుముకున్నాడు.

"వంక పెట్టింది నేను కాదు మారాజా," అంది నూకాలు మెల్లగా.

అందరి చూపులూ రాజుగారి జుట్టు మీదికి పోయాయి. రాజు గబగబా కిరీటం కిందికి లాక్కున్నాడు. మరుక్షణం తనకే నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"రహస్యం ఎలాగూ బయటపడింది. మిగతావీ విను. మిరియాలు, పసుపు, పెసరపిండి."

"చౌడు ముతక బట్టల మురికి వదిలించడానికి నా రేవుకు పంపించండి. సున్నం గోడలకు, మిరియాలు చారుకు. అమ్మాయిగారికి పసుపూ పెసరపిండీ చాలు. అవి కూడా ముందు మోచేతి మీద రాసి చూశాకే."

నూకాలు సరేననిదే ఇకమీదట అంతఃపురంలో ఏ పూతా ఎవరి ఒంటికీ తగలకూడదని రాజు ఆజ్ఞాపించాడు. ఉత్తరీయం తీసి స్వయంగా ఆమె భుజాల మీద కప్పాడు.

నూకాలు పట్టు అంచును వేళ్లతో తడిమి చూసుకుంది.

"ఇన్నాళ్లూ దీన్ని కుంకుడు రసంలో ఉతికి మీకిచ్చేదాన్ని మారాజా. ఇకనుంచి ఉతికి నేనే కప్పుకుంటాను!"