రాజుగారి కసరత్తుకి కుదిరిన వస్తాదు

ఒకానొక రాజ్యం ఉండేది. ఎంత చిన్నదంటే, పొద్దున్నే గుర్రమెక్కితే అంబలి వేళకల్లా పొలిమేర దాటేయొచ్చు. దాని రాజు ఉద్దండవర్మగారు మాత్రం చాలా పెద్దాయన. పెద్దాయనంటే బుద్ధిలో కాదండోయ్, బొజ్జలో!

ఆ ఏడు దసరాకి జమ్మి పూజకి వెళ్దామని ఆయన గుర్రమెక్కబోతే, పాపం గుర్రం కూలబడింది. జనం పైపంచెలు నోట్లో కుక్కుకున్నారు. రాజుగారికి పౌరుషం వచ్చింది. "వచ్చే దసరాకి నేను ఎగిరి గుర్రమెక్కాలి. నాకు కసరత్తు నేర్పే వస్తాదుని తీసుకురండి!" అని చాటింపు వేయించారు.

మొదటి వస్తాదు వచ్చి "వంగండి ప్రభూ" అన్నాడు. "నన్నే వంగమంటావా?" అని వాణ్ణి ఖైదులో వేశారు. తర్వాతివాడు "లేవండి" అన్నాడు. వాడూ అక్కడికే. ఆ తర్వాత వచ్చిన మల్లయ్య మరీ అమాయకుడు. "ఆ లడ్డు కింద పెట్టండి ప్రభూ" అనేశాడు. వాడికి సంకెళ్లు కూడా పడ్డాయి.

ఈ మల్లయ్య ఎవరనుకున్నారు? కొలువులో మాటకారి అని పేరుపడ్డ పేరన్నకి స్వయానా బావమరిది. ఇంకేముంది, ఇంట్లో పేరన్న భార్య గౌరమ్మ పొయ్యి ఆర్పేసింది.

"మా తమ్ముడు ఇంటికొచ్చేదాకా మీకు అటుకులే! కొలువంతా మాటలు చెబుతారుగా, ఆ మాటలేవో వాడి కోసం చెప్పండి!"

అటుకులు నమిలి నమిలి దవడలు నొప్పెట్టిన పేరన్న, నేరుగా సభకెళ్లాడు. "ప్రభూ, మీకు తగ్గ వస్తాదుని నేను కుదురుస్తాను. మిమ్మల్ని ఇది చెయ్యి, అది చెయ్యి అని ఒక్క మాటనరు. దసరాకి మీరు గుర్రమెక్కితే ఆ ఖైదులో వాళ్లని వదిలెయ్యండి."

"ఎక్కకపోతే?"

"మల్లయ్య పక్కన నాకూ ఓ చాప వేయించండి. అక్కడ అన్నమైనా పెడతారు."

మర్నాడు సభలోకి రాజుగారి అవ్వ వచ్చింది. ఇంటి పెద్ద సభలో అడుగుపెడితే రాజు సింహాసనం దిగొచ్చి సాష్టాంగపడాలని ఆ వంశంలో ఆచారం. రాజుగారు ఆపసోపాలు పడుతూ దిగారు, పడుకున్నారు, లేచారు.

"ఏం లేదు నాయనా, నిన్ను చూడాలనిపించింది" అని అవ్వ వెళ్లిపోయింది. రాజుగారు మెట్లెక్కి కూర్చున్నారో లేదో, మళ్లీ వచ్చింది. "చేతికర్ర మర్చిపోయాను నాయనా." కాసేపటికి తాంబూలం. ఆ తర్వాత వక్కలు.

ఇలా రోజూ. రాజుగారు చెమటలు తుడుచుకుంటూ "ఒరేయ్ పేరన్నా, నీ వస్తాదేడిరా?" అంటే, "వస్తున్నారు ప్రభూ, వస్తూనే ఉన్నారు" అనేవాడు పేరన్న.

దసరా వచ్చింది. రాజుగారు ఒక్క ఊపున గుర్రమెక్కారు! గుర్రమే ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగి చూసింది.

జమ్మి పూజ అయ్యాక ఆయన సభలో మీసం దువ్వారు. "చూశావట్రా! నీ వస్తాదు రానేలేదు. ఇదంతా రాజరక్తం మహిమ. నడువు ఖైదుకి!"

పేరన్న చేతులు కట్టుకుని, "రాకపోవడమేంటి ప్రభూ? రోజూ వచ్చారు. తమరే దిగొచ్చి కాళ్లకి మొక్కారు కూడా" అన్నాడు.

రాజుగారి మొహం కందగడ్డయింది. "మా అవ్వా! నన్నే ఆడిస్తారా? ఇద్దరికీ శిక్ష..."

"తప్పకుండా వెయ్యండి ప్రభూ. కానీ తీర్పు సింహాసనం మీద కూర్చునే చెప్పాలి కదా. అదిగో, అవ్వగారు గుమ్మంలోకి వచ్చేశారు."

మాట పూర్తికాకముందే రాజుగారు మెట్లు దిగి నేల మీద బోర్లా పడున్నారు. ఆయాసం లేదు, రొప్పు లేదు. అది తెలిశాక, పడుకున్నవారు పడుకున్నట్టే పకపకా నవ్వారు. సభంతా నవ్వింది.

వస్తాదులందరికీ విడుదల. మల్లయ్యకి కొలువులో ఉద్యోగం, పైగా "వంగండి" అనే అధికారం. పేరన్నకి బంగారు కడియం. అవ్వకి వెండి తాంబూలప్పెట్టె. ఆ పూట గౌరమ్మ పొయ్యి మీద అన్నం ఉడికింది.

ఇక్కడ సభలో అవ్వ పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. రాజుగారు మెట్లెక్కి, హమ్మయ్య అని కూర్చున్నారు.

గుమ్మంలోంచి మళ్లీ గొంతు వినిపించింది. "నాయనా, ఇందులో సున్నం ఏదిరా?"