ముఖం మీద పడిన లైటు

అనకాపల్లిలో ఆడవాళ్ళకు కారు నేర్పే సుభాషిణి మేడమ్ అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఆమె కారు పాతది. ఒక హెడ్‌లైటు అద్దం పసుపెక్కింది, రెండోదాని లోపల ఎప్పుడూ చెమ్మే. నేర్పేది ఆడమనిషని పైకి నవ్వలేని మగవాళ్ళు, ఆ లైట్లను చూసి నవ్వుతున్నట్టు నటించేవారు.

ఒక సాయంత్రం స్టీరింగ్ ముందు కూర్చున్న పైడితల్లి బండి తీయకుండా అడిగింది.

"మా హారిక చదువు మధ్యలో హాస్టల్ వదిలి వచ్చేసింది మేడమ్. ఎవడైనా ఏమైనా అన్నాడా, నువ్వేమైనా చేశావా అని దాని మంచికే అడుగుతున్నాను. గొంతు కూడా పెంచను. నోరు విప్పదు, నిన్నయితే గది గడియ పెట్టుకుంది. కన్నతల్లికి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతుంది?"

"ముందు బండి తియ్యి," అంది మేడమ్.

బైపాస్ ఎక్కేసరికి చీకటి పడింది. ఎదురొచ్చిన ప్రతి బండీ వీళ్ళ మీద లైట్లు కొట్టింది. ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు.

"లైటు దించే ఉంచాను కదా, వీళ్ళకేం రోగం?" అని పైడితల్లి విసుక్కుంది.

మేడమ్ బండి పక్కకు ఆపించింది. "దిగి, కారు ముందు నిలబడు."

నిలబడింది.

"ఏం కనిపిస్తోంది?"

"ఏం కనిపిస్తుంది, కళ్ళు మూసుకున్నాను."

"మూసుకోమన్నానా నేను?"

పైడితల్లి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తండ్రీ, ఆ తర్వాత మొగుడూ, ఆమెను కూడా ఎన్నోసార్లు ఇలాగే నిలబెట్టి అడిగారు. ఆమె మంచికే.

రోడ్డు గతుకులకు లైట్ల వెనక మరలు వదులై, దించిన లైటు కూడా పైకే చూస్తోంది. మేడమ్ బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో ఆ మరలను కొద్దికొద్దిగా తిప్పింది. వెలుగు పైడితల్లి ముఖం మీంచి మెడకు, చీర కుచ్చిళ్ళకు, చివరికి ఆమె కాళ్ళ ముందున్న రోడ్డు మీదికి దిగింది.

"ఇప్పుడు?"

"మీరు కనిపిస్తున్నారు," అంది పైడితల్లి, పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ వాళ్ళ మీద లైట్లు కొట్టలేదు. ఇంటి ముందు దిగబోతూ పైడితల్లి ఆగింది.

"అయితే దాన్ని ఇక ఏమీ అడగొద్దంటారా?"

"అది అన్నం తింటున్నప్పుడు ఎదురుగా కూర్చోకు," అంది మేడమ్. "పక్కన కూర్చో."