పళ్ళ వైద్యుడి గోడమీద సేనాపతి

అనగా అనగా, ఇప్పటి ఊళ్ళేవీ ఇంకా పుట్టని కాలంలో, సముద్రపుటొడ్డున నీలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో వల్లభయ్య అనే పళ్ళ వైద్యుడు ఉండేవాడు.

వల్లభయ్య మంచి పనివాడు. నొప్పి ఒక పంటిదైతే రోగి ఇంకో పన్ను చూపిస్తాడు. వల్లభయ్య చిగురు మీద వేలు ఆనించి, అసలు దొంగ ఏదో పట్టేసేవాడు. ముందు లవంగ తైలం రాసి, కాసేపు కబుర్లు చెప్పి, ఆ తరవాతే పట్టకారు అందుకునేవాడు. రేవులో మూటలు మోసేవాళ్ళు, ఉప్పు పండించేవాళ్ళు, వలలు అల్లే ఆడవాళ్ళు, అందరూ అతని దగ్గరికే వచ్చేవారు.

ఒకనాడు గజబాహువు అనే మల్లయోధుడు దవడ పట్టుకుని వచ్చాడు. నాలుగు దిక్కులా పేరు మోసిన వస్తాదు. అంతటివాడూ పట్టకారు చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వల్లభయ్య మెల్లగా పన్ను పీకాడు. నొప్పి పోయింది. గజబాహువు పొంగిపోయి, బొమ్మలు వేసే వెంగన్నను పిలిపించి, తామిద్దరూ భుజాలు కలిపి నిలబడ్డట్టు వైద్యశాల గోడమీద బొమ్మ వేయించి వెళ్ళాడు.

ఆ బొమ్మ చూడడానికి జనం విరగబడ్డారు. "గజబాహువు పన్నే పీకాడంటే మాటలా!" అన్నారు. అంతవరకు "ఒరే వల్లభా" అన్నవాళ్ళు కూడా "వైద్యులవారూ" అనసాగారు. ఆ పిలుపు వల్లభయ్య చెవికి తియ్యగా తగిలింది.

కొన్నాళ్ళకు పరుగు పందేల్లో ఎదురులేని వాయుగుప్తుడు రేవులో ఓడ దిగాడు. అతనికి పంటినొప్పి లేదు, చిగురువాపూ లేదు. వల్లభయ్యే ఎదురెళ్ళి దండం పెట్టి, ఒక్క క్షణం పక్కన నిలబడ్డాడు. ఆ క్షణాన్ని వెంగన్న చేత గోడకెక్కించాడు. చూసినవాళ్ళు, "ఇతని పన్నూ నువ్వే పీకావా?" అని అడిగితే, వల్లభయ్య అవుననలేదు, కాదనలేదు. చిన్నగా నవ్వి ఊరుకున్నాడు.

ఇక మూడో బొమ్మ. దేశానికి సేనాపతి ప్రచండవర్మ. ఆయన పేరు చెబితే శత్రువుల గుర్రాలు కూడా బెదురుతాయని అనుకునేవారు. వల్లభయ్య ఆయన్ని కలలో కూడా చూడలేదు. వెంగన్న కూడా చూడలేదు. అయినా వల్లభయ్య కోరగా, మీసాలు ఇంత పొడుగుంటాయని విన్నదాన్ని బట్టి ఒక మనిషిని గీశాడు. ఆ మనిషి నోరు తెరిచి కూర్చున్నాడు. పక్కన వల్లభయ్య పట్టకారుతో నిలబడ్డాడు.

వల్లభయ్య భార్య మంగాంబ ఆ బొమ్మ చూసి చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

"ఏమండీ, ఆయన మన ఇంటికి ఎప్పుడొచ్చారు?"

"రాలేదులే. బొమ్మే కదా, ఎవరి నోరూ నొప్పిపుట్టదు."

"ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా వస్తేనో?"

వల్లభయ్య పట్టకారు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కానీ ఆ రోజు నుంచి గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తే చాలు, అతని గుండె ఝల్లుమనేది.

ఒక ఉదయం ఆ చప్పుడు తిన్నగా వైద్యశాల ముందుకే వచ్చి ఆగింది. రాజధాని హేమకూటం నుంచి రాజదూత. అతను లోపలికి వచ్చి, గోడలు కలయజూసి, మూడో బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

"మా సేనాపతివారికి వైద్యం చేసింది నువ్వేనా?" అన్నాడు దూత.

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. కానీ వాకిట్లో ఊళ్ళోవాళ్ళంతా మూగి చూస్తున్నారు. వల్లభయ్య తల దించుకుని, "చిత్తం" అన్నాడు.

"అయితే బయలుదేరు. రాజమాత మాణిక్యాంబాదేవి పంటినొప్పితో మంచం పట్టారు. ఆస్థాన వైద్యులు చెయ్యి వేయడానికి జంకుతున్నారు. నీ పేరు రాజధాని దాకా పాకింది."

వల్లభయ్య పట్టకార్లు, తైలపు బుడ్లు మూటగట్టుకున్నాడు. మంగాంబ గుమ్మం దాకా వచ్చి, పెదవి కదపకుండా అంది: "దారిలోనైనా చెప్పేయండి."

దారి పొడుగునా చెబుదామనే అనుకున్నాడు. ఏరు దాటగానే చెబుదాం అనుకున్నాడు. దాటాక, ఆ కొండ మలుపు తిరగగానే అనుకున్నాడు. మలుపు తిరిగేసరికి కోట బురుజులు కనబడ్డాయి. "సేనాపతివారు సరిహద్దుకి వెళ్ళారు. నేడో రేపో వచ్చేస్తారు. నిన్ను చూసి సంతోషిస్తారు" అన్నాడు దూత. వల్లభయ్య చేతిలోని మూటను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

రాజు సోమవర్మ సింహాసనం మీద లేడు. తల్లి గది ముందు, సామాన్యుడిలా, చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వైద్యుడా! అమ్మ అన్నం ముట్టడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. పన్ను పీకించుకోమంటే చచ్చినా నోరు తెరవనంటోంది. నువ్వు ప్రచండవర్మకు వైద్యం చేశావని విన్నాకే, నిన్ను రానిమ్మంది. అది నిజమే కదా?"

రాజు గొంతులోని ఆశ గమనించి వల్లభయ్యకు కాదనడానికి నోరు రాలేదు. "నిజమే, మహాప్రభూ" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టే లేదు.

రాజమాత పక్కమీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి బుగ్గ ఇంత లావున ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. వల్లభయ్య దీపం దగ్గరికి పెట్టి చూశాడు. దవడ పన్ను అడుగున చీము పట్టింది. వాపు మెడ వైపు దిగుతోంది. ఇంకా ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. కానీ పీకితే నయమయ్యే రోగమే. ఇలాంటి పళ్ళు తను ఎన్నో పీకాడు.

"నాయనా," అంది రాజమాత నీరసంగా, "నాకు చాలా భయంగా ఉంది. ముందు ఒక మాట చెప్పు. ప్రచండవర్మకు నువ్వు పీకింది ఏ పన్ను?"

"ఇదే... ఇదే దవడ పన్ను, తల్లీ."

"అతను భయపడ్డాడా?"

"లేదమ్మా. కొండలా కూర్చున్నారు. మూలగను కూడా లేదు."

రాజమాత నిట్టూర్చింది. "అంతే అయి ఉంటుంది. వాడు కత్తిపోట్లకే చలించని మనిషి. నేనో, ముల్లు గుచ్చుకుంటే ఏడ్చేదాన్ని. సరే, కానివ్వు."

ఆమె నోరు తెరిచింది. వల్లభయ్య తైలం రాశాడు. ఎప్పుడూ చెప్పే కబుర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. పట్టకారు ఎత్తాడు. అది పంటికి తగిలీ తగలక టకటక కొట్టుకుంది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, తుడుచుకుని, మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అదే చప్పుడు.

రాజమాత నోరు మూసి అతని కళ్ళలోకి చూసింది.

"నాయనా, నీ చెయ్యి ఎందుకు వణుకుతోంది?"

వల్లభయ్యకు ఇంకో అబద్ధం నాలుక చివరే ఉంది. ప్రయాణపు బడలిక అంటే సరిపోతుంది. కానీ ఈ చేత్తో పీకితే పన్ను విరుగుతుంది. వేరు లోపలే ఉండిపోతుంది. చీము నెత్తుటిలో కలుస్తుంది. ఈ ముసలి ఒళ్ళు దాన్ని తట్టుకోలేదు. తన తల దక్కించుకోవాలంటే ఈ తల్లి ప్రాణం పణం పెట్టాలి.

అతను పట్టకారు కింద పెట్టాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"తల్లీ, నేను సేనాపతివారిని ఎన్నడూ చూడలేదు. ఆ బొమ్మ అబద్ధం. గొప్పవాణ్ణనిపించుకోవాలని నేనే వేయించాను. ఇప్పుడు మీకు చెప్పినవీ అబద్ధాలే. ఆ భయానికే చెయ్యి వణుకుతోంది."

సోమవర్మ ఒరలోంచి కత్తి దూశాడు. "మా అమ్మ ప్రాణాలతో ఆడుకుంటావా!"

"ఆగు సోమా," అంది రాజమాత. చెయ్యి ఎత్తడానికే ఆమెకు ఆయాసం వచ్చింది. "ఇంకొక్కటి అడగనీ. నాయనా, సేనాపతి సంగతి వదిలేయ్. నాలాంటి ముసలిదానికి, నాలాగా పిరికిదానికి, ఎప్పుడైనా పన్ను పీకావా? ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

వల్లభయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"పీకానమ్మా. వలలు అల్లే ఎర్రమ్మ అని, మీ ఈడు మనిషి. బుగ్గ ఇలాగే వాచింది. పట్టకారు చూడగానే లేచి వీధిలోకి పరుగెత్తింది. నేనూ, ఆమె కోడలూ వెంటబడి బతిమాలి తీసుకొచ్చాం. పీకుతుంటే పన్ను సగానికి విరిగింది, తల్లీ. తప్పు నాది, తొందరపడ్డాను. ఆమె నన్ను నానా తిట్లూ తిట్టి వెళ్ళిపోయింది. మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళి, అరుగు మీద కూర్చోబెట్టి, వేరు తీశాను. నా చెయ్యి కొరికింది కూడా."

"తరవాత?"

"నాలుగు రోజులు గంజి తాగింది. ఇప్పుడు ఎండుచేపలు నములుతోంది. కనబడితే ఇప్పటికీ తిడుతుంది."

రాజమాత వాచిన బుగ్గ మీద నవ్వు కదిలింది. నొప్పికి వెంటనే ముఖం చిట్లించింది.

"సోమా, కత్తి లోపల పెట్టు. ఇందాక ఆ సేనాపతి కథ విన్నా నా భయం పోలేదు. సేనాపతి ధైర్యం సేనాపతిది. అది నాకేం పనికొస్తుంది? ఆ ఎర్రమ్మ బతికిందంటే, నేనూ బతుకుతాను. ఇతను తన తప్పు తానే చెప్పుకున్నాడు. నాకు ఇతని మీద నమ్మకం కుదిరింది." అని వల్లభయ్య వైపు తిరిగింది. "రా నాయనా. విరిగితే విరిగిందని చెప్పు. దాచకు."

ఆమె నోరు తెరిచింది. వల్లభయ్య పట్టకారు అందుకున్నాడు. భయం పోలేదు. రాజు రెండడుగుల దూరంలో కత్తి పిడి మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు. కానీ ఇప్పుడు దాచవలసింది ఏమీ లేదు. మనసంతా ఆ ఒక్క పంటి మీదే నిలిచింది. చెయ్యి నిలకడగా ఉంది. "అమ్మా, ఇప్పుడు లాగుతాను. ఇప్పుడు ఇంకొంచెం నొప్పిగా ఉంటుంది. అరవాలనిపిస్తే అరవండి" అని ప్రతి కదలికా ముందే చెప్పాడు. రాజమాత అరిచింది. కాళ్ళు కొట్టుకుంది. పన్ను వేరుతో సహా ఊడి వచ్చింది.

కానీ నెత్తురు ఆగలేదు. వల్లభయ్య దూది నొక్కిపెట్టి, వేలు తీయకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నడుము పీకేసింది. రాజు మాటిమాటికీ "ఆగిందా?" అని అడుగుతున్నాడు. "ఇంకా లేదు, మహాప్రభూ" అని వల్లభయ్య ఉన్నమాటే చెబుతున్నాడు. చివరికి ఆగింది. జ్వరం మాత్రం దిగలేదు. అతను తలుపు బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెట్టిన అన్నం ముట్టలేదు. లోపల ఎవరు దగ్గినా లేచి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక లోపలి నుంచి దాసి వచ్చింది. "రాజమాత గంజి అడుగుతున్నారు. ఉప్పు తక్కువైందని కోప్పడుతున్నారు కూడా" అంది. వల్లభయ్య అక్కడే కూర్చుండిపోయి, ఉత్తరీయంలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

సోమవర్మ అతన్ని పిలిచాడు. "మా అమ్మను బతికించావు. అందుకు నీ తల నిలిచింది. కానీ అబద్ధాన్ని గోడకెక్కించావు. అదీ వదలను. నీ ఊరి నడిబజారులో నిలబడి, ఈ కథంతా నీ నోటితోనే చెప్పాలి."

వల్లభయ్య దండం పెట్టి నీలరేవు దారి పట్టాడు. కత్తి కంటే ఆ బజారే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఊరు దగ్గరయ్యే కొద్దీ అడుగులు బరువెక్కాయి. మంగాంబ ఎదురొచ్చి అతని ముఖం చూసి అంతా గ్రహించింది. ఏమీ అడగకుండా పక్కన నడిచింది.

సంతరోజు. చేపల బుట్టల మధ్య నిలబడి అతను చెప్పాడు. గజబాహువు బొమ్మ నిజమన్నాడు. వాయుగుప్తుడి పంటిని తాను ముట్టుకోనేలేదన్నాడు. సేనాపతి బొమ్మ పూర్తిగా అబద్ధమన్నాడు. జనం ముందు నోళ్ళు తెరిచారు. తరవాత కొందరు పకపక నవ్వారు. కొందరు "ఛీ" అని మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు. బొమ్మల వెంగన్న బుట్టల చాటున దాక్కున్నాడు. వల్లభయ్య చెవులు కాలిపోయాయి. ఇక తన గడప ఎవరూ తొక్కరని అనుకున్నాడు.

అంతలో గుంపులోంచి ఒక ఓడ సరంగు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. అతని ఎడమ బుగ్గ బూరెలా పొంగి ఉంది.

"సేనాపతి సంగతి అయిపోయిందా, వల్లభయ్యా?" అన్నాడు విసుగ్గా. "అయితే నా పన్ను సంగతి చూడు. పొద్దుటి నుంచి ప్రాణం తీస్తోంది."

వల్లభయ్య అక్కడే ఒక బుట్ట బోర్లించి అతన్ని కూర్చోబెట్టాడు. "నోరు తెరువు. ఏ పన్నో నువ్వు చెప్పకు, నేను చూస్తాను" అంటూ చిగురు మీద వేలు ఆనించాడు.

పిల్లలూ, అరువు తెచ్చుకున్న గొప్పతనం మనిషి చేతిని వణికిస్తుంది. తప్పు ఒప్పుకుని నిజం చెప్పిన చెయ్యే నిలకడగా పనిచేస్తుంది.